నలభై అడుగుల తగ్గింపు

తెలుగు క్రైస్తవ సంఘాల్లో వినయానికి వాడుక మాట 'తగ్గింపు'. ఆషాఢంలో బట్టల కొట్టు బోర్డు మీద ఉండేదీ అదే మాట. కొట్లో ఎంత శాతమో రాస్తారు. సభల దగ్గరైతే నిలువూ అడ్డమూ కొలిచి కర్రలకు కడతారు.

ఊరి మొగదల, బస్సు మలుపు తిరిగేచోట చూడండి. ఇరవై అడుగుల ఎత్తు, నలభై అడుగుల వెడల్పున్న ఫ్లెక్సు. సువార్త స్వస్థత మహాసభలు, మూడు రాత్రులు. అందులో ముప్పాతిక భాగం ఒకే మనిషి: తెల్లసూటు, ఒక చేతిలో మైకు, రెండో చెయ్యి మన మీదికి, తల వెనక మబ్బులు చీల్చుకొస్తున్న వెలుగు. ఏసుప్రభువుకు అన్యాయమేమీ చెయ్యలేదు. ఎడమ పక్క పై మూలలో, గొర్రెపిల్లతో సహా, పాస్‌పోర్టు సైజులో ఆయనా ఉన్నాడు. అన్నిటికన్నా అడుగున, ప్రెస్సువాడి ఫోన్ నంబరుకు కాస్త పైన, ఏసు గురించి బాప్తిస్మమిచ్చు యోహాను అన్న మాట, యోహాను 3:30. 'ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది.'

ఈ వచనం ఎంచినవాడికీ, అచ్చేసినవాడికీ, కట్టినవాడికీ, కింద నిలబడి సెల్ఫీ తీసుకున్నవాడికీ ఒక్కరికీ నవ్వు రాలేదు.

ఈ విద్య కొత్తగా సేవలోకి వచ్చేవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పడం లేదు కనుక కాస్త వివరంగా చూద్దాం. పేరు ముందు వచ్చేవి పేరు కన్నా పొడుగుండాలి. అభిషిక్తులు, దైవజనులు, అంతర్జాతీయ ప్రసంగీకులు, బిషప్, రెవ., డా. ఈ డాక్టరుగిరీకి నోట్లో థర్మామీటరు పెట్టాల్సిన పని లేదు, పరిశోధనా అక్కర్లేదు. హోటల్ హాల్లో అద్దెగౌను వేసుకుని, కట్టాల్సింది కట్టి, ఎర్ర రిబ్బను చుట్టిన కాగితం పుచ్చుకోవాలి. అంతర్జాతీయం ఇంకా సులువు. గల్ఫులో మనవాళ్లు పదిమంది ఉండే గదిలో ఒక శుక్రవారం ప్రార్థన చేసి, ఖర్జూరాలు కొనుక్కుని విమానం ఎక్కితే చాలు.

ఆతిథ్యమిచ్చే పాస్టరుగారూ పాస్టరమ్మగారూ ఎడమ పక్కన నడుము దాకా. కమిటీ పెద్దలు కింద వరసలో, బొట్టుబిళ్లలంత. చందా కొద్దీ బిళ్ల.

ఇక కట్టడం. అంత ఫ్లెక్సు గాలికి తెరచాపలా ఉబ్బుతుంది. సర్వేకర్రలు (సరుగుడు కర్రలు) వంగుతాయి, తాడు వేసిన రింగుల దగ్గర అంచు చిరుగుతుంది. అందుకని కట్టే కుర్రాళ్లు గాలి దూరిపోయేలా బ్లేడుతో అక్కడక్కడ అర్ధచంద్రంలా కోస్తారు. దైవజనుల ముఖం మీద కొయ్యకూడదు. సూటు మీద కొయ్యకూడదు. కానుకలు పంపే స్కానరు మీద అసలే కూడదు. ఇక మిగిలింది వచనం. సరిగ్గా 'నేను తగ్గ' దగ్గర కత్తి పడుతుంది. గాలి వచ్చినప్పుడల్లా ఆ ముక్క లోపలికి మడుచుకుంటుంది. మిగిలిన 'ఆయన హెచ్చవలసియున్నది' పైనున్న ఫోటో కింద రాసినట్టు చక్కగా కుదురుతుంది.

సభ ఏడింటికంటే ఆయన రాక తొమ్మిదింటికి. ముందే వచ్చి కూర్చుంటే తగ్గింపు అనరు, తీరుబడి అంటారు. 'ఈ దాసునికి పరిచయం అక్కర్లేదు' అంటూ మొదలైన పరిచయం పాతిక నిమిషాలు నడుస్తుంది. దాసుడు అంతసేపూ పెళ్లికొడుకు కుర్చీలో కళ్లు మూసుకుని వింటాడు. మిక్సరు దగ్గరి కుర్రాడికి ముందే చెప్పి ఉంచుతారు: 'నేను ధూళిని' అనగానే ఎకో పెంచాలి, కీబోర్డు సన్నగా పట్టి ఉంచాలి. 'ధూళిని... ళిని... ని' అంటూ చెరువుగట్టు దాకా వెళ్లొస్తుంది. అంత దుమ్ము ఆ ఊళ్లో పత్తిమిల్లు కూడా లేపి ఉండదు. కానుకల మాట ఎత్తేసరికి మాత్రం ఎకో తీసెయ్యాలి. అంకెలు స్పష్టంగా వినపడాలి కదా.

ఆయనకు ఆత్మల భారం ఎక్కువట, రాత్రుళ్లు నిద్ర పట్టదట. భారం అపొస్తలుడైన పౌలుకూ ఉండేది. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో, మీలో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టం చేసుకుంటూ ప్రకటించామన్నాడు. ఆయన చేసిన కష్టం డేరాలు కుట్టడం. మనవాళ్లు డేరాలు వేయిస్తారు, బిల్లు సంఘం మీద.

అన్నిటిలోకీ చూసి తీరవలసింది మూడో రాత్రి జరిగే పాదాలు కడిగే కార్యక్రమం. పన్నెండుమంది విధవరాండ్రు కావాలి. మరీ ముసలివాళ్లయితే వేదిక మెట్లు ఎక్కలేరు, మరీ పడుచువాళ్లయితే ఊళ్లో మాటొస్తుంది. మధ్యాహ్నమే కబురు వెళ్తుంది: 'పాదాలు ఇంటి దగ్గరే శుభ్రంగా తోముకుని రండమ్మా, అయ్యగారు కడుగుతారు.' మడమల పగుళ్లలో చేలోని మట్టి ఉంటే క్లోజప్పులో బాగుండదు. ఇత్తడి పళ్లెం, గోరువెచ్చటి నీళ్లు, గులాబీ రేకులు. లేబులు కూడా పీకని కొత్త తువ్వాలు. సూటు మోకాలి దగ్గర నలగకుండా అయ్యగారికి మెత్త.

వరసగా పన్నెండు కుర్చీలు. మొదటి పాదం మీద నీళ్లు పడతాయి. 'అయ్యగారూ, ఒక్క నిమిషం, డ్రోను పైకి లేవలేదు' అంటాడు కెమెరావాడు. మళ్లీ మొదలు. ఈసారి పాటవాళ్లు ముందే ఎత్తుకున్నారు. మళ్లీ. ఈసారి అంతా కుదిరింది గానీ, మూడో కుర్చీలో ఆమెకు సిగ్గేసి కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకుంది. 'చాపమ్మా, చాపు, ఇటు లైటు వైపు' అని కింది నుంచి కమిటీ పెద్ద అదిలింపు. నాలుగో ఆమె అయ్యేసరికి అయ్యగారి నడుం పట్టేసింది. మిగిలిన ఎనిమిది మందికీ తువ్వాలు తాకించి పంపేశారు. ఏసు తువ్వాలు నడుముకు కట్టుకుని పన్నెండు జతలూ కడిగింది పై గదిలో, రాత్రిపూట. తెల్లారకముందే తనను అప్పగించేవాడి పాదాలు కూడా అందులో ఉన్నాయి. రీటేకు ప్రస్తావన సువార్తలో లేదు.

ఆ తర్వాత చీరలు. ఒక్కో చీర మీద ఆరు చేతులు. అవతలి అంచున ఆమె చేతులు, ఇవతల దైవజనులు, పాస్టరుగారు, కమిటీ. ఫోటో అయ్యేదాకా చీర వదలరు. చీర చేతిలో పడ్డాక 'నవ్వమ్మా' అంటారు.

ఎందుకు నవ్వాలి? ఆ చీర డబ్బు ఎక్కడిదో ఆమెకు తెలియదా? పల్లె సంఘాల్లో పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిపూటా ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసి దేవుడి పేర వేరే డబ్బాలో పోస్తారు. ఇంట్లో పిల్లలకు చాలినా చాలకపోయినా ముందు ఆ పిడికెడు తీస్తారు. ఆదివారం ఆ బియ్యం, మొదటి కాపు సొరకాయ, కోడి పెట్టిన తొలి గుడ్డు ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఆ రూపాయలే సంఘం పద్దులో చేరి, 'మహాసభలకు మీ వంతు' అన్న రసీదుగా మారి, నలభై అడుగుల ఫ్లెక్సుగా నిలబడ్డాయి. ఆమె కంచంలోంచి పిడికెడు తీసుకుని, ఆమెనే వేదికెక్కించి, ఆమె కాళ్లు ఊరందరికీ చూపించి, ఆమెకే చీర దానమిచ్చారా! కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని చదివిన నోరే కదయ్యా అది. యూట్యూబులో లక్షమందికి తెలిస్తే ఫర్వాలేదని ఏ అధ్యాయంలో ఉంది?

ఈ నేల మీద ఇంకోలా జరిగిన రోజులున్నాయి. 1876-78 ధాతు కరువులో ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌదొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించాడు. సంఘంలో కలుస్తామని జనం ముందుకొచ్చినా, కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. నీళ్లలోకి దిగి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. దొరల్లో దొరతనం లేదని కాదు, అది వేరే పురాణం. కానీ అంత పంట చేతికొచ్చిన రోజున కొడవలి పక్కవాడి చేతికివ్వడం ఈ కాలపు అభిషిక్తుల్లో ఎవరికైనా చేతనవుతుందా? రెండు వందల మందికి 'వేలాదిగా' అని శీర్షిక పెట్టేవాళ్లకు?

అప్పట్లో బైబిలు స్త్రీలని ఉండేవారు, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నారు. ఎక్కువమంది విధవరాండ్రే. భుజాన గుడ్డసంచి, అందులో బైబిలు, పాటల పుస్తకం. కాలినడకన పేటపేటా తిరిగి, పురిటి మంచం పక్కన, పీనుగు పక్కన కూర్చుని, చదువు రాని ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించారు. వాళ్ల ఫోటో ఒక్కటి ఏ ఫ్లెక్సు మీదైనా చూపించండి. ఇవాళ పల్లెలో సైకిలు మీద తిరిగే కాపరి ఉన్నాడు. అర్ధరాత్రి ఎవరో పోయారంటే గొయ్యి తవ్వేవాళ్లను లేపేదీ ఆయనే, పింఛను కాగితం నింపేదీ ఆయనే. మహాసభల ఫ్లెక్సులో ఆయనకు బొట్టుబిళ్ల కూడా దక్కలేదు. సర్వేకర్రలు మోయడానికి మాత్రం పిలిచారు.

సభలయ్యాక నాలుగో రోజు ఆ కర్రలు విప్పుతారు. ఫ్లెక్సు గట్టి సరుకు, తడవదు, కుళ్లదు, ఎవరూ పారెయ్యరు. ముక్కలు చేసి పంచుకుంటారు. మూడో కుర్చీలో కాళ్లు ముడుచుకున్న ఆమెకు కింది భాగం వస్తుంది. వానలకు ముందు పాక మీద తాటాకుల పైన పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెడుతుంది. బొమ్మ లోపలికి ఉంటే పడుకున్నప్పుడు పెద్దలంతా పైనుంచి చూస్తున్నట్టుంటుందని, ఆకాశం వైపుకు తిప్పి వేస్తుంది. నీళ్లు బాగానే ఆగుతాయి. వచనం దగ్గర కోసినచోట మాత్రం కారుతుంది. కింద సత్తుగిన్నె పెట్టుకుంటుంది.