చోక్‌కూ జోక్‌కూ మధ్య పెన్సిలు గీత

జడ్జి చెప్పేది వేగంగా రాసుకుని టైపు చేసే కోర్టు స్టెనోగ్రాఫర్ల శిక్షణకు ప్రజాధనం వెచ్చించాలన్న వాదనను, బాధ్యత గల పన్ను చెల్లింపుదారుగా తీవ్రంగా ఖండిస్తున్నాను.

ఈ విషయంలో మన ప్రభుత్వాల పొదుపు శ్లాఘనీయం. 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం కోర్టుల కంప్యూటరీకరణ పథకమైన ఈ-కోర్టుల మూడో దశకు 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో పాత కాగితాల స్కానింగుకు 2,038 కోట్లు, కృత్రిమ మేధ వంటి వింతలకు 53.57 కోట్లు ఉన్నాయి. షార్ట్‌హ్యాండ్, అంటే మాటలను గీతల్లో వేగంగా రాసే విద్య, అనే పద్దు మాత్రం లేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడారని గిట్టనివాళ్లు అంటారు గానీ, అది అభాండం. ఇక్కడ బేరమే జరగలేదు; అంకుశాన్ని సొంత ఖర్చులతో రమ్మన్నారు.

అది వస్తోంది కూడా. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఉద్యోగం ఆశించే అభ్యర్థి, కిరాణా కొట్టు మీది టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నెలనెలా ఫీజు కట్టి, మాస్టారు పాత పేపరులోని సంపాదకీయం గడగడా చదువుతుంటే రాసి రాసి, పరీక్ష రుసుమూ తానే చెల్లించి, నిమిషానికి 120 మాటల హయ్యర్ గ్రేడు తెచ్చుకోవాలి. (పాలిటెక్నిక్‌లలో కమర్షియల్ డిప్లొమా పేరిట ఇదే విద్య నేర్పే దుబారా ఒకటుంది, ఎవరికీ గుర్తు చేయకండి.)

ఇంతా చేసి నేర్చేది గీతలే కదా! పిట్మన్ అనే షార్ట్‌హ్యాండ్ పద్ధతిలో 'చ'కు పలుచని వాలుగీత, 'జ'కు అదే గీత కాస్త ఒత్తి రాయాలి. నిందితుడు తన గొంతు నులిమాడని సాక్షి తెలుగులో చెబుతాడు. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషు చేసి 'చోక్డ్' అని డిక్టేట్ చేస్తారు. పెన్సిలు మొన అరిగి గీత లావెక్కితే అది 'జోక్డ్' అవుతుంది. హత్యాయత్నం కాస్తా పరిహాసమైనంత మాత్రాన ఖజానాకు నష్టమేమీ లేదు. పైగా వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించాలని చట్టమే రక్షణ కల్పించింది. ఆఖరి బస్సు అందుకోవలసిన సాక్షి "అంతే బాబూ, అంతే" అంటూ సంతకం గీకుతాడు. తరువాత అప్పీలు కోర్టుకు సాక్షి మొహం కనబడదు, ఆ కాగితమే కనబడుతుంది.

ఇక యంత్రం రానే వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందు, మైకుల్లో ఇంగ్లీషు మాట్లాడే న్యాయవాదుల వాదనలను కృత్రిమ మేధ అక్షరబద్ధం చేసింది. మన తాలూకా కోర్టులోనూ అదే చేస్తుంది. ఫ్యాను కిర్రుకిర్రు, వరండాలో బంట్రోతు మూడు కేకలు, బోనులో అవ్వ వెక్కిళ్లు, ఒక్కటీ పొల్లుపోకుండా రికార్డుకెక్కుతాయి, ఆమె చెప్పిన మాట తప్ప.