సవరణ: నూరానాంగ్ పోరులో జస్వంత్ సింగ్ ఒంటరి కాదు

1962 చైనా యుద్ధంలో, నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని నూరానాంగ్ దగ్గర అమరుడైన రైఫిల్‌మన్ జస్వంత్ సింగ్ రావత్ గురించి ఇంతకుముందు రాసిన టపాలో, ఆయన 72 గంటలు ఒంటరిగా పోరాడారనీ, పరమవీర చక్ర పొందారనీ రాశాను. ఆ రెండూ సరికావు.

ఆయనకు మరణానంతరం ప్రకటించినది మహావీర చక్ర. ప్రభుత్వ పతక ప్రశస్తి (పతకం ఎందుకు ఇచ్చారో చెప్పే అధికారిక పాఠం), సైనిక చరిత్రలు చెప్పేదాని ప్రకారం, 1962 నవంబరు 17న 4వ గఢ్వాల్ రైఫిల్స్ స్థావరాలపైకి చైనా మీడియం మెషిన్ గన్ ఒకటి దగ్గరి నుంచి గుళ్లు కురిపిస్తుంటే, దాన్ని అణచడానికి ముగ్గురు తమంతట తాము ముందుకొచ్చారు. లాన్స్ నాయక్ త్రిలోక్ సింగ్ నేగీ అండగా కాల్పులు జరుపుతుండగా, జస్వంత్ సింగ్, రైఫిల్‌మన్ గోపాల్ సింగ్ గుసాయీఁ గ్రెనేడ్ విసరగలిగేంత దగ్గరికి చేరుకుని, ఆ గన్‌ను స్వాధీనం చేసుకున్నారు. సహచరులిద్దరికీ వీరచక్ర లభించింది. వారి బెటాలియన్‌కు ‘నూరానాంగ్’ యుద్ధ గౌరవం (పోరులో రాణించిన దళానికి ఆ పోరు పేరుతో ఇచ్చే గుర్తింపు) దక్కింది.

మూడు రోజుల ఒంటరి పోరు కథ తవాంగ్ దారిలోని జస్వంత్‌గఢ్ స్మారకం చుట్టూ నేటికీ భక్తితో చెప్పుకునేదే గానీ, ప్రశస్తిలో లేదు. సరిచూడకుండా దాన్ని చరిత్రగా రాయడం నా పొరపాటు. ‘ఒంటరిగా’ అన్న ఆ ఒక్క మాటతో నేగీ, గుసాయీఁల పేర్లు చెరిగిపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది. పాత టపాను సరిదిద్దాను.