టర్బో బిగిస్తే ఇంజన్ మార్చినట్టేనా?

"పాత పెట్రోల్ కారుకు బలం కావాలంటే ఇంజన్ మార్చడం దండగ. టర్బో కిట్ బిగిస్తే సగం ఖర్చుతో రెట్టింపు శక్తి వస్తుంది, ఆర్‌సీలో ఇంజన్ నంబరు మారదు కనుక చట్టంతో పేచీ లేదు, అరకు ఘాట్ అలవోకగా ఎక్కేస్తుంది" అన్న సందేశం విశాఖపట్నం కార్ల వాట్సాప్ గ్రూపులలో తెగ తిరుగుతోంది. నంబరు మారదన్న ఒక్క మాట తప్ప ఇందులో నిలబడేది లేదు.

టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ వేగంతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం. శక్తి రెట్టింపు కావాలంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలి దాదాపు రెట్టింపు కావాలి, అంటే వాతావరణ పీడనంపై మరో బార్ (దాదాపు వాతావరణ పీడనమంత) పీడనం కావాలి. అంతగా నొక్కినప్పుడు 30 డిగ్రీల గాలి 100 డిగ్రీలు దాటుతుంది. ఇంటర్‌కూలర్ ఆ వేడిని తగ్గిస్తుంది గాని విశాఖ ఎండలో బయటి గాలికంటే చల్లబరచలేదు. పైగా ఇటీవలి మామూలు పెట్రోల్ ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు కుదిస్తారన్న లెక్క) సుమారు 11:1, కొన్నింటిలో 12:1 లేదా అంతకు పైన ఉంటుంది. ఆ నిష్పత్తికి ఈ వేడి, ఈ పీడనం తోడైతే గాలి, పెట్రోల్ మిశ్రమం అదుపు తప్పి పేలుతుంది. అదే నాకింగ్. దాని దెబ్బకు పిస్టన్‌పై రెండు రింగుల మధ్యనున్న సన్నని అంచు విరుగుతుంది, కంప్రెషన్ పడిపోతుంది, సైలెన్సర్‌లో నీలిపొగ మొదలవుతుంది. 0.3 బార్ వంటి స్వల్ప పీడనంతో, ఇంధనాన్నీ ఇగ్నిషన్‌నూ జాగ్రత్తగా సరిచేస్తే మామూలు ఇంజన్ మన్నవచ్చు, కానీ అప్పుడు రెట్టింపు శక్తి రాదు.

సగం ఖర్చన్నది కిట్ ధర ఒక్కటే చూసి వేసిన లెక్క. సందేశం చెప్పే శక్తి కోసం ఫోర్జ్‌డ్ (లోహాన్ని నొక్కి గట్టిగా తయారుచేసిన) పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, పెద్ద ఇంజెక్టర్లు, బలమైన క్లచ్, ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) ట్యూనింగ్ కావాలి. నిమిషానికి లక్షకు పైగా తిరిగే టర్బో షాఫ్ట్‌కు ఇంజన్ ఆయిలే ఆధారం కనుక, ఆ ఆయిల్ తిరిగి పోవడానికి సంప్‌కు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి) రంధ్రం చేసి వాలుగా పైపు బిగించాలి. ఆ వాలు సరిగ్గా లేకపోతే ఆయిల్ సీలు దాటి పొగ రూపంలో పోతుంది. దీనికి బదులు అదే మోడల్‌లో కంపెనీ అమర్చిన టర్బో ఇంజన్‌ను గేర్ బాక్స్, ఈసీయూ, వైరింగ్, రేడియేటర్లతో సహా వేయించుకోవడమే నా దృష్టిలో పటిష్ఠమైన పని. వేరే కంపెనీ ఇంజన్ అయితే మౌంట్లు (ఇంజన్‌ను బిగించే ఆధారాలు), డ్రైవ్ షాఫ్ట్‌లు, ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేనిదే ఇంజన్‌ను కదలనివ్వని పరికరం) దగ్గర చిక్కులు తప్పవని కూడా ఒప్పుకోవాలి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నంబరుతో సరిపెట్టుకోదు. తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పునే నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ఇంజన్ మార్పిడికైనా ముందుగా ఆర్టీవో అనుమతి తీసుకోవలసిందే.

అరకు దారిలోని అనంతగిరి ఘాట్‌లో కారు రెండో గేరులో, తక్కువ వేగంతో, చాలాసేపు బరువు లాగుతుంది. రేడియేటర్‌కు గాలి తక్కువగా తగిలే ఆ వేళనే టర్బో అత్యధిక వేడి పుట్టిస్తుంది. అరకు ఎత్తులో గాలి పీడనం తగ్గేది సుమారు పదోవంతే కనుక, ఘాట్‌లో బాగా మొరాయించే పాత కారుకు అసలు జబ్బు తరచుగా అరిగిన రింగులో, వాల్వులో, క్లచ్చో అయి ఉంటుంది. కిట్‌కు బయానా ఇచ్చే ముందు గాజువాక ఆటోనగర్‌లో నమ్మకమైన మెకానిక్ చేత అన్ని సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్ ఎంత పీడనం నిలుపుతుందో చూసే పరీక్ష) చేయించండి, ఏ ఒక్కటి బాగా తక్కువ చూపించినా ముందు దాన్ని బాగు చేయించండి.