బిల్లు హైదరాబాదు వెళ్ళింది, వచ్చేస్తుంది

పర్లాకిమిడిలో మా వీధి చివర ఒక టోకు సరుకుల ఏజెన్సీ ఉంది. పేరెందుకు లెండి. మొన్నమొన్నటిదాకా అక్కడ పప్పు బస్తా కొంటే ఐదు నిమిషాల్లో బయటపడేవాళ్ళం. ఈమధ్య ఆ సంస్థ అభివృద్ధి చెందింది. ఇప్పుడు ముప్పావుగంట పడుతోంది.

అభివృద్ధి ఏమిటంటే, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇక దుకాణంలో ఉండదు, హైదరాబాదు హెడ్డాఫీసు సర్వర్లో ఉంటుంది. ఇక్కడి అమ్మాయి 'క' నొక్కితే ఆ నొక్కుడు ఆరొందల కిలోమీటర్లు వెళ్ళి అక్కడ పడుతుంది. పడిన 'క' బొమ్మ తిరిగొచ్చి మన తెర మీద కూర్చుంటుంది. 'కందిపప్పు' పూర్తయ్యేసరికి ఇంట్లో పప్పు ఉడికిపోతుంది.

ఇందులో కాంతి తప్పేం లేదు పాపం. ఫైబర్‌లో అది సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. దుకాణానికి ఉన్నది మాత్రం ఒక్కటే లైను. ఊళ్ళో జేసీబీ ఎక్కడ తవ్వినా ముందు తెగేది అదే. తెగితే మేనేజరు ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చింది 1936లో, ఆ సంగతి ఆ ఫోన్‌కి ఇంకా తెలీదు. కుర్చీ అటు జరిపితే సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం టవరు, ఇటు జరిపితే మన టవరు, మధ్యలో ఉంటే ఏదీ లేదు.

అలాగని పద్ధతి చెడ్డదనను. కొత్తదీ కాదు. ఇలా దూరంగా ఉన్న సర్వర్ మీద పనిచేయించే సాఫ్ట్‌వేర్ అమ్మే సిట్రిక్స్ కంపెనీ పుట్టింది 1989లో. మైక్రోసాఫ్ట్ తన విండోస్ ఎన్టీ 4.0కి టెర్మినల్ సర్వర్ ఎడిషన్, అంటే ఒకే సర్వర్ మీద చాలామంది దూరం నుంచి పనిచేసుకునే రకం, తెచ్చింది 1998లో. ఒకచోట అప్‌డేట్ చేస్తే అన్ని బ్రాంచీలకూ చాలు, ఇక్కడి పాత డబ్బా కంప్యూటరైనా నడుస్తుంది, దాన్ని దొంగలెత్తుకుపోయినా ఖాతాలు పోవు. ఇవన్నీ మేనేజరే చెప్పాడు. నన్ను బిల్లు కోసం నిలబెట్టి మరీ చెప్పాడు.

మొన్న కాశీనగర్ వైపు నుంచి ఒక తాత వచ్చాడు. చిన్న కొట్టు నడుపుకుంటాడు, ఒక్క బస్తా కావాలి. డబ్బు కట్టేశాడు. అమ్మాయి ప్రింట్ నొక్కింది. మూరెడు దూరంలో ఉన్న ప్రింటరు కదల్లేదు. మళ్ళీ నొక్కింది. అలా ఏడుసార్లు.

"ఏటమ్మా, పాడైపోయిందేటి?"

"లేదు తాతా. బిల్లు వచ్చింది. కాకపోతే హైదరాబాదులో వచ్చింది."

సర్వర్ ఆ పూట మన ప్రింటరును గుర్తుపట్టక తన పక్కనున్న ప్రింటరుకే పంపేసిందట. ఏడు బిల్లులూ. అక్కడి కుర్రాడు ఒకదాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఫొటో తెరుచుకోవాలంటే మేనేజరు కుర్చీ అటు జరగాలి. జరిగాడు. ఫొటోలో బిల్లు తలకిందులుగా ఉంది. మేనేజరు ఫోన్ తిప్పితే ఫొటో కూడా తిరిగింది. చివరికి తాతే మెడ వంచి చదివాడు. అంతలో కరెంటు పోయింది.

కరెంటు పోతే సెషన్, అంటే సర్వర్లో మనం తెరిచిపెట్టుకున్న పని, పోదు. అది సర్వర్లో అలాగే తెరిచి ఉండి మెమరీ తింటుంది. తెర మీది కిటికీ మూల ఇంటూ గుర్తు నొక్కి లేచిపోయినా అంతే. సైన్ అవుట్ చెయ్యాలి, అంటే గుమ్మం దాటేముందు వెళ్ళొస్తానని చెప్పాలన్నమాట. అన్ని బ్రాంచీలవాళ్ళూ చెప్పాపెట్టకుండా లేచిపోతే సాయంత్రానికి సర్వర్ ఆయాసపడుతుంది.

సరిగ్గా ఆ సాయంత్రమే కళాసీలకు కూలి. ఓచరు ప్రింటైతేగానీ డబ్బులివ్వకూడదని రూలు. పగలంతా బస్తాలు మోసినవాళ్ళు, వీపు మీద గోనె దుమ్ము చెమటతో అట్టకట్టినవాళ్ళు, రాత్రి తొమ్మిదింటిదాకా మెట్ల మీద కూర్చున్నారు. క్యాష్ బాక్సులో డబ్బుంది. ఎవరికెంతో అందరికీ తెలుసు. ఒక తెల్ల కాయితం, ఒక పెన్ను చాలు. ఇవ్వరు! ఎంట్రీలు ఆలస్యమయ్యాయని ఆ అమ్మాయికి ఒకరోజు జీతం కోశారు. రెండో లైను వేయించడానికి రూపాయి రాల్చని పెద్దమనిషి, ఏసీ గదిలో కూర్చుని ఆ పిల్ల జీతం కోశాడు. సిగ్గుండాలి. సర్వర్ డౌనయితే కోయాల్సింది ఎవరి జీతం?

మర్నాడు తాత బస్తా కోసం మళ్ళీ వచ్చాడు. నిన్న గేటు పాసు కూడా హైదరాబాదులోనే ప్రింటయింది మరి. అమ్మాయి చాలాసేపు తెరకేసి చూసి, నెమ్మదిగా చెప్పింది.

"తాతా, సిస్టంలో మీ బస్తా నిన్నే డెలివరీ అయిపోయినట్టుంది."

"అయితే నా పప్పు ఆ హైదరాబాదోళ్ళే వండేసుకున్నారేటి?"