రాత్రి రెండు గంటల బ్యాకప్ గారికి

మహారాజశ్రీ బ్యాకప్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మన ఇద్దరిలో కుశలంగా ఉన్నది తమరొక్కరే. డిసెంబర్ 3 ఉదయం మా ఊరి గ్రంథాలయం కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ టక్కు టక్కుమని రెండుసార్లు మూలిగి ఊరుకుంది. అంతకు కొన్ని గంటల ముందు, రాత్రి 2 గంటలకు, కంప్యూటర్‌లోని వివరాలకు రోజూ నకలు తీసి దాచాల్సిన ప్రోగ్రామైన తమరు, అలవాటు ప్రకారం లాగ్ ఫైలులో, అంటే పనుల చిట్టాలో, ‘బ్యాకప్ విజయవంతం’ అని సంతకం పెట్టి నిద్రపోయారు.

నేను అక్కడ ఉద్యోగిని కాను. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తెలుసని ఒకసారి నోరు జారినందుకు ఆ కంప్యూటర్ బాగోగులు నెత్తిన పడ్డవాణ్ణి. లైబ్రేరియన్ గారు ఫోన్ చేసినప్పుడు నాకు పిసరంత కంగారు కూడా కలగలేదు.

“ఏం పర్వాలేదు మేడమ్, రోజూ రాత్రి బ్యాకప్ అవుతుంది.”

“అవుతుంది సరే బాబూ, నువ్వెప్పుడైనా తెరిచి చూశావా?”

“చూడక్కరలేదు మేడమ్, అయినట్టు లాగ్‌లో పడుతుంది కదా.”

ఆ మాట అన్న గొంతు నాదేనంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కావడం లేదు. పధ్నాలుగు వేల పుస్తకాల వివరాలు ఆవిడ ఏడాదికి పైగా కూర్చుని ఒక్కొక్కటిగా ఎక్కించారు. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో, ఎప్పుడు తిరిగి ఇవ్వాలో అన్నీ అందులోనే.

తమరి నివాసమైన ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను నా లాప్‌టాప్‌కు తగిలించి చూశాను. 31 ఫైళ్లు తేదీల వారీగా బుద్ధిమంతుల్లా వరుసలో ఉన్నాయి. ఒక్కొక్కటి 20 బైట్లు. కిలోబైట్లేమోనని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. బైట్లే. యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికైనా గుణింతపు గుర్తుకైనా 3 బైట్లు కావాలి. ఆ లెక్కన ‘విజయవంతం’ అన్న ఒక్క మాటకే 24 బైట్లు. అంటే తమరు చాటుకున్న విజయం తమరు దాచిన ఫైలులో పట్టదు.

ఆ 20 బైట్ల లోపల ఏముందో కూడా చూశాను. ఫైళ్లను కుదించే జీజిప్ పద్ధతిలో 10 బైట్లు తల, 8 బైట్లు తోక, నడుమ 2 బైట్ల శూన్యం. తోకలో అసలు సరుకు పరిమాణం రాసి ఉంటుంది: సున్న. ఫైలు చెడిందా అని జీజిప్‌తోనే పరీక్ష పెడితే నిక్షేపంగా ఉందని వచ్చింది. ఎందుకుండదు? ఖాళీ డబ్బాకు మూత మహా గట్టిగా పెట్టారు.

ఇది ఎలా జరిగిందో కనిపెట్టడానికి ఒక రాత్రంతా పట్టింది. తమరు రెండు పనుల గొలుసు. మొదటిది మైఎస్‌క్యూఎల్ డంప్, పుస్తకాల వివరాలున్న మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉన్నదంతా చదివి పైప్‌లోకి, అంటే రెండు పనుల్ని కలిపే గొట్టంలోకి, పోస్తుంది. రెండోది జీజిప్, పైప్‌లో వచ్చినదాన్ని కుదించి ఫైలుగా కడుతుంది. మొదటివాడు గుమ్మంలోనే కాలు విరిగి పడిపోయినా, రెండోవాడు రాని సరుకును శ్రద్ధగా మూట కట్టి, పని పూర్తయిందని చెప్పి వెళ్లిపోతాడు. గొలుసు మొత్తానికి షెల్, అంటే ఈ ఆదేశాలను నడిపే మేస్త్రీ, చూసేది చివరివాడి మాటే. పైగా యూనిక్స్ లోకంలో పని సవ్యంగా జరిగితే తిరిగి వచ్చే అంకె సున్న. ఫలితమూ సున్న, స్థితీ సున్న. చెప్పినదానికీ చేసినదానికీ ఇంత పొంతన కుదిరిన ఉద్యోగిని నేనింతవరకు చూడలేదు.

మరి మొదటివాడు ఎందుకు పడిపోయాడు? జూన్ 12న నేను డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను. పాతది మరీ తేలిక, పిల్లలు కూడా చెప్పేయగలరు. భద్రత కోసమే మార్చాను. అంతా మార్చి, తమరికి చెప్పడం మరిచాను. ఆ రాత్రి నుంచి తమరు పాత తాళంచెవితో వెళ్లడం, తలుపు తెరుచుకోకపోవడం, ఖాళీ చేతులతో వచ్చి హాజరు పట్టీలో సంతకం పెట్టడం. ఇలా 174 రాత్రులు. కనీసం ఒక్క కేక వేయవచ్చు కదా అని అడగబోయి ఆగాను.

ఇక్కడ నా సంగతి కొంత ఒప్పుకోక తప్పదు. తమరు కేక వేశారు. నోట్లో గుడ్డలు కుక్కింది నేను. కమాండ్‌లోనే పాస్‌వర్డ్ రాయడం క్షేమం కాదని మైఎస్‌క్యూఎల్ ప్రతి రాత్రీ ఒక హెచ్చరిక పంపేది. వేళకు పనులు నడిపే క్రాన్ దాన్ని నాకు మెయిల్ చేసేది. వారం రోజులు భరించి, విసుగెత్తి, తప్పులూ హెచ్చరికలూ వచ్చే గొట్టాన్ని ‘డెవ్ నల్’ వైపు తిప్పేశాను. తెలియనివారికి చెప్తున్నాను, అది లైనక్స్‌లో అడుగు లేని బావి. ఏది వేసినా చప్పుడు రాదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. మా ఇంట కుక్క సమయానికే మొరిగింది, మూతి కట్టినది యజమాని.

అయినా తమరి పాపం తగ్గదు. రాయడం చేతకాని తమరికి చెరపడం మాత్రం ఎంత బాగా వచ్చు! ముప్పై రోజులు దాటిన ఫైళ్లను తుడిచేయమని తమరి ఆదేశాల పట్టీ (స్క్రిప్టు) చివర ఒక లైను పెట్టాను, డిస్క్ నిండిపోతుందని. ఆ పనిలో ఒక్క రాత్రి కూడా తప్పలేదు. జూన్ నాటి మంచి బ్యాకప్‌లను రోజుకొకటి చొప్పున గోతిలో వేస్తూ, జూలై 13 తెల్లవారుజామున ఆఖరిదాన్ని కూడా సాగనంపారు. ఒక్కొక్క మంచి ఫైలుకు బదులు ఒక్కొక్క 20 బైట్ల ఫైలు. కంచే చేను మేయడం విన్నాను గానీ, మేసిన ప్రతి దుబ్బు దగ్గర రసీదు వదిలి వెళ్లే కంచెను ఇప్పుడే చూస్తున్నాను.

తమరిని వెనకేసుకొచ్చే మిత్రుడొకడు, పెద్ద పెద్ద సంస్థలకే జరిగింది లెమ్మన్నాడు. నిజమే. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థ వారి ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు సర్వర్‌లోని డేటాబేస్‌నే చెరిపేశారు. బ్యాకప్ కోసం వెళ్తే అవి ఉండాల్సిన చోటు ఖాళీ. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 9.6 వెర్షన్‌కు పాత 9.2 వెర్షన్ నాటి డంప్ పనిముట్టు వెళ్లి ఎప్పటికప్పుడు విఫలమవుతోందట. ఆ సంగతి చెప్పే మెయిళ్లు సరైన డిజిటల్ సంతకం లేక మధ్యలోనే తిరస్కరణకు గురయ్యాయట. చివరికి వారిని కాపాడినది, అంతకు ఆరు గంటల ముందు ఒక ఇంజనీరు తన పని కోసం చేత్తో తీసి పెట్టుకున్న నకలు. అంతా దాచకుండా లోకానికి చెప్పుకున్నారు. చెప్పుకోగలిగిన వారి ధైర్యం నాకెక్కడిది? నేను మేడమ్ ఒక్కరికి చెప్పడానికే రెండు రోజులు తీసుకున్నాను.

మమ్మల్ని గట్టెక్కించినది కూడా అలాంటి యాదృచ్ఛికమే. ఫిబ్రవరిలో ఏదో పరీక్ష కోసం డేటాబేస్ నకలు ఒకటి నా లాప్‌టాప్‌లోకి తీసుకుని చెరపడం మరిచాను. నా మతిమరుపే ఒకసారి ముంచింది, అదే ఒకసారి తేల్చింది. ఫిబ్రవరి తర్వాత కొన్న పుస్తకాలను మేడమ్ తన రిజిస్టర్ చూసి మళ్లీ ఎక్కిస్తున్నారు. కంప్యూటర్ వచ్చాక కూడా ఆ రిజిస్టర్ చేత్తో రాస్తూనే ఉంటే, ఇంకా ఎందుకు మేడమ్ ఈ చాకిరీ అని నేను నవ్విన సందర్భాలున్నాయి. ఇప్పుడు ఆవిడ నవ్వడం లేదు, అదే బాధ.

అరువు వెళ్లిన పుస్తకాల లెక్క మాత్రం పోయింది. మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు రెండు నవలలు తెచ్చి బల్ల మీద పెట్టి, గడువు దాటిందని 12 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చారు. మా దగ్గర ఆధారమే లేదని చెప్తే, “నాకు గుర్తుంది కదమ్మా” అన్నారట. విన్నారా?

ఇకపై తమరి ఉద్యోగ నిబంధనలు మారాయి. పైప్‌ఫెయిల్ అనే నియమం పెట్టాను, గొలుసులో ఎవడు పడినా గొలుసంతా పడినట్టే. ఫైలు ఫలానా పరిమాణం కన్నా తక్కువుంటే అది బ్యాకప్ కాదు. పాతది చెరపడం, కొత్తది పరీక్షలో నెగ్గాకే. పాస్‌వర్డును కమాండ్‌లోంచి తీసి విడిగా ఒక ఫైలులో పెట్టాను, ఆ హెచ్చరికకు ఇక పని లేదు. ఒక నకలు ఊళ్లోనే వేరే ఇంట్లో ఉంటుంది. ‘విజయవంతం’ అన్న మాట తమరి నోట ఇక రాదు, ఆ లైను కొట్టేశాను. నెలకొక ఆదివారం తమరు దాచినదాన్ని నా పాత లాప్‌టాప్‌లో ఎక్కిస్తాను. మేడమ్ రిజిస్టర్ తెరిచి, కళ్లు మూసుకుని ఒక చోట వేలు పెట్టి నంబరు చదువుతారు. ఆ పుస్తకం తెర మీద కనబడితే ఆ నెల హాజరు. మొన్నటి ఆదివారం వేలు 9,316 మీద పడింది. తెర మీద పేరు వచ్చేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. వచ్చింది. ఆవిడ పెన్సిల్‌తో పక్కన చిన్న టిక్కు పెట్టుకున్నారు, తమరికి కాదు, తన రిజిస్టర్‌కు.

దీనికి జవాబు రాయనక్కరలేదు. రాసినా ఎక్కడికి వెళ్లేదో నాకు తెలుసు, ఆ బావి తవ్వినవాణ్ణి నేనే.

ఇట్లు,
రూట్ (లైనక్స్‌లో సర్వాధికారి)