సిమెంట్ దిమ్మ అంట!

ఇంగ్లండ్ పీటర్లీలోని అపోలో పెవిలియన్ ఫొటో చూపించానో లేదో "ఏంట్రా ఇది, సగంలో ఆపేసిన ఫ్లైఓవరా" అని మొదలెట్టేస్తారు, ఒళ్ళు మండుద్ది నాకు. అది బ్రిటిష్ ఆర్టిస్ట్ విక్టర్ పాస్‌మోర్ డిజైన్ చేసిన కాంక్రీట్ శిల్పం బాబూ, 1969ది, మనిషి చంద్రుడి మీద దిగిన ఏడాది, ఆ అపోలో మిషన్ల పేరే దీనికీ పెట్టారు, కింద చెరువు, పైన నడవొచ్చు కూడా. ఏళ్ళ తరబడి పట్టించుకోకుండా వదిలేసి, గోడల నిండా పిచ్చి రాతలు రాసి, తర్వాత "ఛీ ఎంత అసహ్యంగా ఉందో, కూల్చేయండి" అంటే ఎలా? మీ ఇల్లయినా అలా వదిలేస్తే అంతే ఉంటది. 2009లో బాగుచేశారు, 2011లో గ్రేడ్ 2 స్టార్ (అంటే చాలా ముఖ్యమైన కట్టడమని) ఇచ్చి హెరిటేజ్ లిస్టులో పెట్టారు, అయినా అదే ప్రశ్న, "దీని అర్థం ఏంటి?" అని. (మొదట్లో నాకూ అర్థం కాలేదు లెండి.) అర్థం కానివన్నీ కూల్చాలంటే మా ఆఫీసు మెయిల్స్‌తో మొదలెట్టండి.