చేపపిల్లలు తీయాలంటే నాలుగడుగుల ట్యాంకే కావాలా?

ఈమధ్య వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇంట్లో అక్వేరియం చేపల బ్రీడింగ్, అంటే పిల్లలు తీయడం, మొదలుపెట్టేవాళ్లు నాలుగడుగుల ట్యాంకులే కొనాలట. పెద్ద ట్యాంకులో పిల్లలు ఎక్కువ బతుకుతాయి, పని తగ్గుతుంది, చేప ట్యాంకును బట్టే పెరుగుతుంది అని చెబుతున్నారు. కావలిలో మా వెనక గదిలో ఆరేళ్లుగా ఫైటర్లు, గప్పీలు, ఏంజెల్స్ పిల్లలు తీస్తున్నాను. ఇది నమ్మి అప్పుచేసి మరీ ట్యాంకులు కొంటున్న కుర్రాళ్లను చూస్తే బాధేస్తోంది.

పిల్లలు ఎక్కువ బతుకుతాయన్న మాట మొదటి వారానికి అసలు వర్తించదు. మగ ఫైటర్ నీటిపైన నురగ గూడు కడుతుంది. రాలిన గుడ్డునల్లా నోటితో ఏరి మళ్లీ గూట్లో పెడుతుంది. అందుకే నాలుగైదు అంగుళాల నీళ్లు చాలు, లోతు పెరిగేకొద్దీ దానికి శ్రమ. గుడ్లు పగిలిన రెండు మూడు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. అప్పుడు టార్చి వేసి చూడండి, కనురెప్ప వెంట్రుక ముక్కల్లా ఉంటాయి. మేత కోసం దూరం పోలేవు, మేతే నోటి ముందుకు రావాలి. ఆ మేత ఆర్టీమియా, రొయ్య జాతి సన్నటి జీవి. మన తీరమంతా రొయ్యల హేచరీలే కాబట్టి చాలామందికి తెలిసిందే. ఉప్పునీటి జీవి, మంచినీళ్లలో కొన్ని గంటలే బతుకుతుంది. పెద్ద ట్యాంకులో చల్లితే పిల్లలకు అందకుండానే చచ్చి, అడుగున నారింజరంగు పొరలా పేరుకుంటుంది. తెల్లారేసరికి నీళ్లు కంపు. నేను ఒక విడత పిల్లలన్నిటినీ ఇలాగే పోగొట్టుకున్నాను.

ఇక పని. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో సుమారు 255 లీటర్లు పడతాయి. మూడో వంతు మార్చాలంటే 85 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగుకు పైనే మోయాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకుకు ఒక్క క్యాన్ సరిపోతుంది. పెద్దదానికి అద్దం, నీళ్లు కలిపి 300 కిలోల దాకా బరువు, మేడమీద గదిలో ఇలాంటివి వరసగా పెట్టే ముందు స్లాబు సంగతి ఆలోచించుకోవాలి. పైగా అందులో జబ్బు వస్తే అన్నీ ఒకేసారి పోతాయి.

చేప ట్యాంకు కొలత చూసుకుని పెరగదు. నీళ్లు మార్చకపోతే, కిక్కిరిసి ఉంటే, మేత చాలకపోతే గిడసబారిపోతుంది. పెద్ద ట్యాంకులోనూ అంతే.

పెద్ద ట్యాంకు అక్కర్లేదని నేననను. నెల దాటిన పిల్లలను పెంచడానికి అదే కావాలి. రోహిణి కార్తెలో చిన్న ట్యాంకు నీళ్లు ఇట్టే వేడెక్కుతాయి, అదీ నిజమే. ఏంజెల్స్ జతకు పొడవు రెండడుగులైనా ఎత్తు అడుగున్నర ఉండాలి, గుడ్లు నిలువుగా ఉన్న పలకకు అతికిస్తాయి కాబట్టి.

ఆ మెసేజ్‌లో నీళ్ల ఊసే లేదు. మా బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లగా పొర కడుతుంది, అంటే గట్టి నీళ్లన్నమాట. అందులో గప్పీలు, మోలీలు హాయిగా ఈనుతాయి. నియాన్ టెట్రా చేపల పిల్లలు తీయడానికి మాత్రం ఆ నీళ్లు పనికిరావు, ట్యాంకు ఎంత పెద్దదైనా సరే.

మొన్న ఒకబ్బాయి నాలుగడుగులవి మూడు ఆర్డరిచ్చే ముందు ఫోన్ చేశాడు. "అన్నా, అడ్వాన్సు కట్టేయమంటావా?" అన్నాడు. ఒకటే తీసుకో నాయనా, మిగతా డబ్బుతో రెండడుగులవి ఆరు, వాటికి నీళ్లు శుభ్రం చేసే స్పాంజ్ ఫిల్టర్లు కొనుక్కో అన్నాను. ముందు ఒక సీసాలో మీ బోరు నీళ్లు పట్టుకురా, చూద్దాం అని కూడా చెప్పాను.